గోడ మీది పేరు, వీధి పలక మీది పేరు

హిప్ హాప్ చరిత్రను రికార్డుల అమ్మకాల లెక్కలతోనో, గాయకుల మధ్య నడిచిన వైరాల కథలతోనో చెప్పుకోవడం అలవాటైపోవడం వల్ల, ఆ సంగీతం తన మృతులను ఎలా సాగనంపిందన్న విషయం పక్కకు పోతూ వచ్చింది. ఈ కళ పుట్టి అర్ధశతాబ్దం దాటాక వెనక్కి తిరిగి చూస్తే, ర్యాప్ గాయకుడు చనిపోయినప్పుడు అభిమానులు చేసే పనులన్నీ, అంటే వీధిలో గుమిగూడటం, గోడ మీద అతని బొమ్మ వేయడం, నేల మీద మద్యం వంచడం, పోయినవాడి పాటనే పెద్దగా మోగించి ఆడటం వంటివి, అప్పటికప్పుడు పుట్టుకొచ్చిన ఆవేశాలు కావనీ, వాటికి ఒక క్రమమూ వారసత్వమూ ఉన్నాయనీ తెలుస్తుంది. ఈ శోకం మొదటినుంచీ నాలుగు గోడల మధ్య కాక వీధిలోనే సాగింది కనుక, వీధి ఎవరిదన్న తగవు కూడా దాని వెంటే నడిచింది. న్యూయార్క్ నగరంలో ఆ తగవు అనుమతి లేని గోడరాతతో మొదలై, నగరపాలక సంస్థ స్వయంగా బిగించిన వీధి పలక దాకా వచ్చింది.

హిప్ హాప్ అన్నది ఒక్క పాటకు పెట్టిన పేరు కాదు. లయకు తగ్గట్టు ప్రాసలు కూర్చి మాటలను వేగంగా చెప్పే ర్యాప్, రెండు టర్న్‌టేబుళ్ల మీద రికార్డులను ముందుకూ వెనక్కూ తిప్పుతూ సంగీతాన్ని నడిపే డీజే పని, నేల మీద గిరగిరా తిరుగుతూ ఆడే బ్రేక్ డాన్స్, స్ప్రే రంగులతో గోడల మీదా రైలు పెట్టెల మీదా పేర్లు రాసే గ్రాఫిటీ, ఈ నాలుగూ కలిసినదే ఆ సంస్కృతి. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంటులో, 1973 ఆగస్టు 11న డీజే కూల్ హెర్క్ తన చెల్లెలు ఏర్పాటు చేసిన విందులో వాయించిన సంగీతాన్ని దానికి పుట్టుకగా లెక్కిస్తారు. అయితే అంతకు రెండేళ్ల ముందు అదే బ్రాంక్స్‌లో జరిగిన ఒక హత్యను విడిచిపెట్టి ఈ చరిత్ర చెప్పడం కుదరదు. 1971 డిసెంబరు 2న, రెండు ముఠాల మధ్య సంధి కుదర్చడానికి వెళ్లిన ఘెట్టో బ్రదర్స్ ముఠా సభ్యుడు బ్లాక్ బెంజీని కొట్టి చంపారు. పగ తీర్చుకుంటారని ఊరంతా ఎదురుచూస్తుండగా, ఆ ముఠా నాయకులు డిసెంబరు 8న హో అవెన్యూలోని బాలుర క్లబ్బులో ముఠాలన్నిటినీ కూర్చోబెట్టి శాంతి ఒప్పందం చేశారు. ఒకరి పేటలోకి మరొకరు అడుగుపెట్టలేని కుర్రాళ్లు తర్వాతి కాలంలో ఒకే విందులో ఆడగలిగారంటే, ఆ మాట కలవడానికి ఒక చావే కారణమైంది.

ఈ శోకాచారపు వేళ్లు ఇంకా లోతుగా ఉన్నాయి. న్యూ ఓర్లీన్స్ నగరంలో నల్లజాతివారు పంతొమ్మిదో శతాబ్దం నుంచీ నడుపుతూ వచ్చిన 'జాజ్ అంత్యక్రియల'లో, శ్మశానానికి వెళ్లేటప్పుడు బ్యాండు మేళం నెమ్మదిగా విషాద గీతాలు వాయిస్తుంది. శవాన్ని సాగనంపాక అదే మేళం జోరందుకుని, వెనుక నడిచే జనం గొడుగులూ రుమాళ్లూ ఊపుతూ ఆడతారు. ఆ వెనుక నడిచే జనాన్ని 'సెకండ్ లైన్' అంటారు. చావు ఇంటి డప్పు విన్న తెలుగువారికి శవం ముందు ఆట కొత్త కాదు కానీ, అక్కడి ప్రత్యేకత ఏమిటంటే, దుఃఖాన్నీ ఆటనూ కలపకుండా వరుసగా పెట్టి, మొదటిది పూర్తయ్యాకనే రెండోదానికి వీలిస్తారు. ఇక నేల మీద మద్యం వంచే అలవాటును పశ్చిమాఫ్రికాలోని అకాన్ వంటి జాతులు పూర్వికుల పేరు చెప్పి పానీయం ధారగా పోసే క్రతువుతో పలువురు పరిశోధకులు ముడిపెడతారు. అమ్మవారికి కల్లుసాక పోసే తెలంగాణ పల్లెకు ఆ చర్య అర్థం వేరుగా చెప్పనక్కర్లేదు, ఆ రెంటికీ చారిత్రక సంబంధం ఏమీ లేకపోయినా. అమెరికా నగరాల వీధి మూలల్లో ఈ ధార బీరు సీసాలోంచి జారింది. సీసా మూత తీయగానే మొదటి గుక్క పోయిన స్నేహితుడికి వంచి, మిగిలింది తాగడం అక్కడి మర్యాద.

1980ల చివర న్యూయార్క్‌లో క్రాక్ అనే మత్తుపదార్థపు వ్యాపారమూ తుపాకులూ కలిసి యువకులను వరుసగా బలితీసుకున్నాయి; 1990లో ఒక్క ఏడాదిలోనే ఆ నగరంలో 2,200కు పైగా హత్యలు నమోదయ్యాయి. చనిపోయినవారిలో ఎక్కువమందికి పత్రికల్లో రెండు పంక్తులు కూడా దక్కలేదు, సమాధి రాయి పెట్టించే స్తోమత చాలా కుటుంబాలకు లేదు. ఆ ఖాళీలోకి గ్రాఫిటీ చిత్రకారులు వచ్చారు. అప్పటిదాకా తమ పేరే రాసుకుంటూ తిరిగిన కుర్రాళ్లు పోయినవాడి పేరు రాయడం మొదలుపెట్టారు. కుర్రవాడు పడిపోయిన వీధిలోనే, కిరాణా కొట్టు పక్కగోడ మీదో, ఆటస్థలం ప్రహరీ మీదో, అతని ముఖమూ, పుట్టిన పోయిన తేదీలూ, శాంతి కోరే లాటిన్ మాటకు పొడి అక్షరాలైన ఆర్.ఐ.పీ.యూ వెలిశాయి, కింద కొవ్వొత్తులు, పూలు, ఖాళీ సీసాలు చేరాయి. ఖర్చు ఇరుగుపొరుగు చందా వేసుకునేవారు, కొన్నిచోట్ల కుటుంబమే చిత్రకారుడికి డబ్బిచ్చి వేయించేది. బ్రాంక్స్‌లోని టాట్స్ క్రూ బృందం ఈ పనిలో పేరుపొందింది. ఛాయాచిత్రకారిణి మార్తా కూపర్, జానపద పరిశోధకుడు జోసెఫ్ షోరా కలిసి 1994లో ఈ గోడల మీద ఒక పుస్తకమే తెచ్చారు. వాటిని 'స్మృతి గోడలు' అన్నారు. సమాధి ఊరి బయట ఉంటుంది, స్మృతి గోడ దారిలో ఉంటుంది. రొట్టె కొనడానికి వెళ్లిన తల్లి కూడా కొడుకు ముఖం చూడకుండా ఇంటికి రాలేదు. ఈ చిత్రాలు కళగా నిలుస్తాయా అన్న చర్చ అప్పట్లో జరిగింది కానీ, ఆ ప్రశ్నకు గోడ వేయించుకున్నవారి దృష్టిలో పెద్ద విలువ లేదు.

పాటలో శోకం వ్యక్తం చేయడం ఇంచుమించు అదే కాలంలో ఒక పద్ధతిగా కుదిరింది. బూగీ డౌన్ ప్రొడక్షన్స్ అనే బృందంలో డీజేగా ఉన్న స్కాట్ లా రాక్, ఇళ్లులేనివారి వసతి గృహంలో సలహాదారుగా పనిచేసేవాడు. తన సహచరుడు కేఆర్ఎస్ వన్‌ను అతను కలుసుకున్నది ఆ వసతి గృహంలోనే. ఒక తగాదా తీర్చబోయి 1987 ఆగస్టులో అతను కాల్పులకు బలయ్యాడు. మిగిలిన కేఆర్ఎస్ వన్ బృందం పేరు మార్చకుండా కొనసాగించి, హింసను ఆపమని కోరే ఉద్యమాన్ని తలపెట్టాడు. 1989లో పలువురు ర్యాపర్లు కలిసి పాడిన 'సెల్ఫ్ డిస్ట్రక్షన్' పాట ఆదాయం నేషనల్ అర్బన్ లీగ్ అనే సంస్థకు వెళ్లింది. శోకగీతంగా మాత్రం నేటికీ అందరూ ముందు చెప్పేది పీట్ రాక్, సీఎల్ స్మూత్ 1992లో వెలువరించిన పాటను. హెవీ డీ బృందంలో నర్తకుడైన ట్రాయ్ డిక్సన్ 1990లో ఎత్తు నుంచి పడి మరణించగా, అతని పేరులోని అక్షరాలే వచ్చేలా ఆ పాటకు పేరు పెట్టారు. అందులో వినిపించే శాక్సఫోన్ స్వరం కొత్తగా వాయించినది కాదు, టామ్ స్కాట్ పాత రికార్డులోంచి తీసుకున్న ముక్క. పాత రికార్డులోని తునకను కోసి, తిప్పి తిప్పి వాడుకునే ఈ పద్ధతిని 'శాంప్లింగ్' అంటారు. మరుగునపడిన గొంతును మళ్లీ మళ్లీ పిలిచే ఆ పనిముట్టు శోకగీతానికి ఎంత తగినదో పీట్ రాక్‌కు తెలిసినట్టుంది.

ఇక్కడిదాకా ఈ ఆచారం పేటలకు, మిత్రులకు సంబంధించినదిగానే ఉంది. దాన్ని దేశవ్యాప్తం చేసినవి ఆరు నెలల వ్యవధిలో జరిగిన రెండు హత్యలు. 1996 సెప్టెంబరు 7న లాస్ వేగస్‌లో మైక్ టైసన్ బాక్సింగ్ పోటీ చూసి కారులో వెళుతున్న ర్యాప్ గాయకుడు టూపాక్ షకూర్ మీద ఫ్లెమింగో రోడ్డు, కోవల్ లేన్ కలిసే చోట కాల్పులు జరిగాయి. ఆరు రోజుల తర్వాత, 13న, ఇరవై అయిదేళ్ల వయసులో అతను ఆసుపత్రిలో మరణించాడు. కుటుంబం త్వరగా దహనం చేయించింది, అభిమానులు వెంట నడిచే బహిరంగ అంతిమయాత్ర జరగలేదు. నవంబరులో మకవెలి అనే మారుపేరుతో అతని కొత్త ఆల్బం వెలువడటంతో, అతను చావలేదనీ ఎక్కడో దాక్కున్నాడనీ ఒక నమ్మకం పుట్టి, దశాబ్దాలు గడిచినా పూర్తిగా ఆరలేదు. శవాన్ని చూడని బంధువు గుమ్మం వైపు చూస్తూనే ఉంటాడన్న సంగతి తెలిసినవారు ఈ నమ్మకాన్ని అభిమానుల వెర్రిగా కొట్టిపారేయలేరు.

రెండో మరణం నోటోరియస్ బీఐజీ లేదా బిగ్గీ అని పిలుచుకునే ర్యాప్ గాయకుడు క్రిస్టఫర్ వాలెస్‌ది. జమైకా నుంచి వచ్చి చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పిన వొలెటా వాలెస్‌కు ఏకైక కొడుకు. బ్రూక్లిన్‌లో 226 సెయింట్ జేమ్స్ ప్లేస్ అనే ఇంటిలో పెరిగాడు. 1994లో వచ్చిన మొదటి ఆల్బం పేరు 'రెడీ టు డై', అంటే చావుకు సిద్ధం. రెండోదానికి 'లైఫ్ ఆఫ్టర్ డెత్', మరణానంతర జీవితం, అని పేరు పెట్టి విడుదలకు సిద్ధం చేశాక, 1997 మార్చి 9న లాస్ ఏంజెలెస్‌లోని పీటర్సన్ ఆటోమోటివ్ మ్యూజియంలో జరిగిన విందు నుంచి బయటికి వచ్చిన కాసేపటికే కాల్పుల్లో చనిపోయాడు. వయసు ఇరవై నాలుగు.

అంత్యక్రియలు మార్చి 18న మన్‌హటన్‌లో, మాడిసన్ అవెన్యూలోని ఫ్రాంక్ క్యాంప్‌బెల్ అంత్యక్రియల భవనంలో ఆహ్వానితుల మధ్య జరిగాయి. తెల్లని సూటూ టోపీతో శవాన్ని పేటికలో ఉంచారు. భార్య ఫెయిత్ ఎవాన్స్ పాడింది. ఆ సంస్థకు జనసమూహాలు కొత్త కాదు. 1926లో మూకీ చిత్రాల నటుడు రుడాల్ఫ్ వాలెంటినో శవాన్ని అదే సంస్థ ప్రదర్శనకు ఉంచినప్పుడు లక్ష మంది దాకా వీధుల్లో కిక్కిరిసి, అద్దాలు పగిలి, గుర్రాల మీది పోలీసులు జనాన్ని తోయాల్సివచ్చింది. 1969లో నటి జూడీ గార్లండ్‌ను చూడటానికి వేల మంది బారులు తీరారు. వాలెంటినో నాటి తొక్కిసలాటను చరిత్రకారులు నేటికీ అభిమానం హద్దు దాటిన వింతగా చెబుతారు. బ్రూక్లిన్ జనాన్ని మాత్రం ఆ రోజు ముందునుంచే శాంతిభద్రతల సమస్యగా చూశారు.

మధ్యాహ్నానికి నల్లని కార్ల బారు వంతెన దాటి బ్రూక్లిన్‌లోకి వచ్చింది. బిగ్గీ పెరిగిన వీధి మీదుగా శవపేటికను తీసుకువెళ్లాలన్నది కుటుంబం కోరిక. ముందు నడిచిన కార్ల మీద ఎర్రటి పూలతో గుచ్చిన పెద్ద అక్షరాలు అతని పేరు చెబుతున్నాయి. సెయింట్ జేమ్స్ ప్లేస్‌లో ఇళ్ల ముంగిటి మెట్ల మీదా, కిటికీల్లోనూ, ఆగి ఉన్న కార్ల కప్పుల మీదా, చెత్త తొట్ల మీదా జనం నిలబడ్డారు. కార్లు వెళుతున్నంతసేపూ ఆ గుంపు ఎక్కువగా మౌనంగానే ఉందని చూసినవారు రాశారు. చివరి కారు మలుపు తిరిగాక ఫుల్టన్ వీధి వైపు ఎవరో స్పీకరులో అప్పుడే విడుదలైన 'హిప్నటైజ్' పాట పెట్టారు. ఒక్కసారిగా వీధి ఆటలోకి దిగింది. ఏడుస్తున్నవాళ్లే చేతులెత్తి పాడారు. న్యూ ఓర్లీన్స్ సెకండ్ లైన్‌ను ఎన్నడూ చూడని కుర్రాళ్లు కూడా, ముందు శోకం, సాగనంపాక ఆట అన్న అదే వరుసను ఎవరూ చెప్పకుండానే పాటించారు. పోలీసులకు ఆ వరుస తెలియదు. కార్ల మీద ఎక్కి ఆడుతున్నవారిని దించబోయారు, తోపులాట జరిగింది, కళ్లలో మిరప ద్రావణం చల్లారు. పది మంది అరెస్టయ్యారు, వారిలో వార్త రాయడానికి వచ్చిన ఒక పత్రికా విలేఖరి కూడా ఉన్నారు. మర్నాటి పత్రికల్లో అంతిమయాత్ర సగం, అల్లరి సగం అయింది. అభిమానుల వైపు తప్పే లేదనడం సరికాదు, ఎవరి కారు కప్పు సొట్టపడితే వారికి కోపం రావడం సహజమే. కానీ ఆ ఆటను శోకంలో భాగంగా కాక శోకానికి భంగంగా చూడటంలోనే మొత్తం పొరపాటు ఉంది.

సరిగ్గా వారానికి, మార్చి 25న, 'లైఫ్ ఆఫ్టర్ డెత్' అంగళ్లలోకి వచ్చింది. అభిమాని శోకానికి ఒక వెల ఏర్పడటం ఇక్కడ స్పష్టంగా చూడవచ్చు. మే నెలలో బిగ్గీ స్మృతిలో ర్యాపర్ పఫ్ డాడీ, ఫెయిత్ ఎవాన్స్, 112 బృందం విడుదల చేసిన 'ఐల్ బీ మిస్సింగ్ యూ' బిల్‌బోర్డ్ పట్టికలో 11 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అది ద పోలీస్ అనే రాక్ బృందపు 1983 నాటి పాట మీద కట్టినది కావడంతో, ఆ శోకం తెచ్చిన రచనా హక్కుల ఆదాయం ఆ పాట రాసిన స్టింగ్‌కు చేరింది. టూపాక్ విషయంలో అతను వదిలివెళ్లిన గొంతు ముద్రణలకు కొత్త సంగీతం తొడిగి ఏళ్ల తరబడి ఆల్బంలు తీశారు. 2012 ఏప్రిల్‌లో కోచెల్లా ఉత్సవ వేదిక మీద అతని నీడబొమ్మను కాంతితో సృష్టించి పాడించారు. అక్కడ కేకలు వేసినవారిలో ఆనందం ఎంతో జంకు ఎంతో చెప్పడం కష్టం. అతని తల్లి అఫెనీ షకూర్ మాత్రం జార్జియాలోని స్టోన్ మౌంటెన్‌లో కొడుకు పేర కళాకేంద్రాన్ని నెలకొల్పింది.

అభిమానులు దాచుకున్నవి సాధారణంగా చిన్న వస్తువులు. రన్ డీఎంసీ బృందపు డీజే జామ్ మాస్టర్ జే 2002 అక్టోబరు 30న క్వీన్స్‌లోని తన స్టూడియోలో హత్యకు గురైనప్పుడు, ఆ గుమ్మం ముందు పూలతో పాటు తెల్లని అడిడాస్ బూట్లు చేరాయి. 1986లో ఆ బూట్ల మీద పాట కట్టి వాటిని పేట కుర్రాళ్ల గుర్తుగా మార్చింది ఆ బృందమే. శవపేటికను మోసినవారు కూడా అవే బూట్లు తొడిగారు. డెట్రాయిట్ సంగీతకర్త జే డిల్లా, తన 32వ పుట్టినరోజున 'డోనట్స్' ఆల్బం వెలువడిన మూడు రోజులకే, 2006 ఫిబ్రవరి 10న జబ్బుతో పోగా, అతను వాడిన ఎంపీసీ అనే శాంప్లింగ్ యంత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉంది. ఎప్పుడూ లోహపు ముసుగుతోనే కనిపించిన ర్యాపర్ ఎంఎఫ్ డూమ్ 2020 అక్టోబరు 31న మరణించిన సంగతిని అతని భార్య ఆ ఏడాది ఆఖరి రోజున కానీ ప్రకటించలేదు. రెండు నెలలు ఆ దుఃఖం పూర్తిగా కుటుంబానిదే అయింది, ఈ చరిత్రలో అది చాలా అరుదు.

బ్రూక్లిన్ అంతిమయాత్రకు ఇరవై రెండేళ్ల తర్వాత లాస్ ఏంజెలెస్ మరో విధంగా వ్యవహరించింది. 2019 మార్చి 31న ర్యాపర్ నిప్సీ హసల్, స్లాసన్, క్రెన్షా వీధుల కూడలిలో తన సొంత దుకాణం ముందే హత్యకు గురయ్యాడు. ఎరిట్రియా నుంచి వచ్చిన తండ్రికి పుట్టి, ఆ పేటలోనే పెరిగి, అక్కడే స్థలాలు కొని వ్యాపారం పెట్టిన అతని మరణంతో విరోధి ముఠాలు కొన్ని కలిసి నడిచాయి. ఏప్రిల్ 11న స్టేపుల్స్ సెంటర్‌లో సుమారు 21 వేల మంది ముందు సంస్మరణ సభ జరిగింది, మాజీ అధ్యక్షుడు ఒబామా పంపిన లేఖ చదివారు. ఆపై శవవాహనం దక్షిణ లాస్ ఏంజెలెస్ పేటల గుండా 25.5 మైళ్లు, అంటే 41 కిలోమీటర్లు, పోలీసులు దారి ఇస్తుండగా తిరిగింది. అదే దారిలో మరో చోట కాల్పులు జరిగి ఒకరు ప్రాణం పోగొట్టుకోవడం ఆ రోజును పూర్తిగా శాంతియుతం అనే వీలు లేకుండా చేసింది.

ఈ ఆచారం భారతదేశానికీ వచ్చింది. పంజాబీ ర్యాప్ గాయకుడు సిద్ధూ మూసేవాలా టూపాక్‌ను ఎంతగానో అభిమానించి, అతని ఆఖరి ప్రయాణాన్ని తలుస్తూ 2022 మే నెలలో ఒక పాట విడుదల చేసి, దానికి తూటాలు దిగిన టూపాక్ కారు చిత్రాన్నే ముఖచిత్రంగా పెట్టాడు. మే 29న మాన్సా జిల్లాలో అతన్నీ కారులోనే కాల్చి చంపారు. రెండు రోజుల తర్వాత మూసా గ్రామంలో, తండ్రి తలపాగా చుట్టగా పెళ్లికొడుకులా అలంకరించిన శవాన్ని, అతను పాటల్లో పొగిడిన 5911 మోడల్ ట్రాక్టరు మీద సొంత పొలానికి తీసుకువెళ్లి దహనం చేశారు. లిమోజిన్ స్థానంలో ట్రాక్టరు వచ్చింది కానీ, పోయినవాడి వస్తువుతోనే అతన్ని సాగనంపాలన్న పద్ధతి అదే.

బ్రూక్లిన్‌కు తిరిగి వస్తే, బిగ్గీ పేరును సెయింట్ జేమ్స్ ప్లేస్‌కు పెట్టాలన్న ప్రతిపాదన 2013లో మొదటిసారి స్థానిక మండలి ముందుకు వచ్చినప్పుడు, అతని నేరచరిత్రనూ, స్త్రీల గురించి పాటల్లో వాడిన మాటలనూ, చివరికి శరీరపు లావును కూడా ఎత్తిచూపి అభ్యంతరం చెప్పారు. మొదటి రెండింటికీ జవాబు చెప్పాల్సిన బాధ్యత అభిమానులకు నిజంగానే ఉంది. మూడోది వాదమే కాదు. పాత పేరు ఉంచుతూనే దాని కింద మరో పేరు పలక బిగించే పద్ధతిలో, 2019 జూన్ 10న ఫుల్టన్ వీధికీ గేట్స్ అవెన్యూకీ మధ్యనున్న ముక్కకు అతని పేరు వచ్చింది. మిరప ద్రావణం చల్లిన వీధిలో, ఈసారి నగరపాలకుల సమక్షంలోనే పలక మీది గుడ్డ తీశారు.

గోడల సంగతి అంత నిలకడగా లేదు. బెడ్‌ఫర్డ్ అవెన్యూ, క్విన్సీ వీధి మూలలో 2015లో వేసిన బిగ్గీ నిలువెత్తు చిత్రాన్ని, గోడకు కిటికీలు పెట్టుకోవాలనుకున్న ఇంటి యజమాని 2017లో చెరిపించబోగా, పెద్ద గొడవ జరిగి ఆ ప్రయత్నం ఆగింది. బ్రాంక్స్‌లో 2000 ఫిబ్రవరిలో గుండెపోటుతో పోయిన ర్యాపర్ బిగ్ పన్‌కు టాట్స్ క్రూ వేసిన స్మృతి గోడ మీద ఎండకు రంగు వెలిసి, మంచుకు పెచ్చులూడేది. వర్ధంతి వచ్చేసరికి చిత్రకారులు నిచ్చెనలూ స్ప్రే డబ్బాలూ తెచ్చుకుని, పాత ముఖం మీద ముందు ఒకే రంగు పూసి, దాని మీద కొత్త ముఖం దించేవారు. చాలా ఏళ్లు అలా జరగడంతో, ఆ ఇటుకల మీద ఒక బిగ్ పన్ కింద మరో బిగ్ పన్ పొరలుగా మిగిలాడు.